కదిలేదాన్ని ఆపేదెవరు?

దల్లీ రాజహరా గనుల నుంచి ఇనుప ఖనిజం నింపుకుని ఒక గూడ్సు బండి భిలాయి ఉక్కు కర్మాగారానికి వస్తోంది. 58 వ్యాగన్లు. ఒక్కో వ్యాగన్ సరుకుతో కలిపి 80 టన్నులు అనుకుంటే మొత్తం 4,640 టన్నులు. గంటకు 60 కిలోమీటర్ల వేగం అందుకున్నాక, నేల చదునుగా ఉన్నచోట లోకో పైలట్ మోటార్లకు కరెంటు ఆపేశాడనుకోండి. బ్రేకు మాత్రం ముట్టుకోలేదు. బండి ఇంకెంత దూరం పోయి ఆగుతుంది?

ముందుకు చదవకుండా ఒక అంకె వేసుకోండి. మనసులో అనుకుంటే లాభం లేదు, ఈ పేజీ అంచున పెన్సిలుతో రాయండి. తర్వాత మాట మార్చుకునే వీలుండకూడదు.

జవాబు సుమారు ఏడు కిలోమీటర్లు. ఉక్కు చక్రం ఉక్కు పట్టా మీద దొర్లేటప్పుడు, బేరింగుల రాపిడి, గాలి అన్నీ కలుపుకున్నా టన్నుకు దాదాపు రెండు కిలోల బరువంత అడ్డే తగులుతుంది. అంటే బండి బరువులో అయిదువందలో వంతు. అంత చిన్న అడ్డు ఒక్కో సెకనులో తగ్గించగలిగే వేగం సెకనుకు రెండు సెంటీమీటర్లు మాత్రమే. 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 16.7 మీటర్లు. అదంతా కరిగిపోవడానికి 14 నిమిషాలు పడుతుంది. ఆ 14 నిమిషాల్లో సగటు వేగం మొదటి వేగంలో సగం. గుణించి చూసుకోండి.

ఇంకో ప్రశ్న. 58 వ్యాగన్ల బదులు ఒక్క వ్యాగనే అదే వేగంతో దొర్లుతుంటే? అది కూడా ఇంచుమించు ఏడు కిలోమీటర్లే పోతుంది. బరువు పెరిగిన కొద్దీ అడ్డూ పెరుగుతుంది, ఆపడానికి పడాల్సిన పాటూ పెరుగుతుంది. రెండూ ఒకే దామాషాలో పెరిగితే బరువు లెక్కలోంచి తప్పుకుంటుంది. ఈ మాట గుర్తుంచుకోండి, క్రేను దగ్గర మళ్లీ పనికొస్తుంది.

మీరు రాసుకున్న అంకె ఏడు కిలోమీటర్లకు చాలా తక్కువగా ఉంటే మీకు ఫిజిక్స్ రాదని అనుకోకండి. మీ అనుభవమంతా మట్టిలో, ఇసకలో, తారురోడ్డు మీద పోగైంది. అక్కడ తోయడం మానితే ఏదైనా కాసేపట్లో ఆగిపోతుంది. కదులుతూ ఉండాలంటే ఎవరో ఒకరు తోస్తూనే ఉండాలని ఒళ్లు నేర్చేసుకుంది. అరిస్టాటిల్ అంతటివాడూ అదే అనుకున్నాడు. దాదాపు రెండు వేల ఏళ్లు ఆ మాటే నడిచింది. 1638లో అచ్చయిన పుస్తకంలో గెలీలియో వాలు బల్లల మీద గుండ్లు దొర్లించి ఆ మాటను కదిపాడు. 1687లో న్యూటన్ దాన్ని తన మొదటి నియమంగా రాశాడు: బయటి బలం ఏదీ మార్చకపోతే, కదిలేది అదే వేగంతో, అదే దిక్కున, తిన్నగా కదులుతూనే ఉంటుంది. అంతమంది పెద్దవాళ్లకు అన్నేళ్లు పట్టిన విషయం తొమ్మిదో తరగతి పిల్లకు ఒక్క పీరియడ్‌లో ఎక్కాలనడం అన్యాయం.

ఈ అధ్యాయంలో నేను అలవాటు చేయదలచుకున్నది ఒక్కటే. "ఇది ఎందుకు కదులుతోంది?" అని అడగడం మానేయండి. "దీని కదలికను మారుస్తున్నది ఎవరు?" అని అడగండి. వేగం పెరగడం, తగ్గడం, దిక్కు తిరగడం, ఈ మూడూ మార్పులే. మార్పు ఉన్నచోట బలం కోసం వెతకాలి. మార్పు లేనిచోట ఉన్న బలాలన్నీ ఒకదాన్నొకటి సరిపెట్టుకున్నాయని అర్థం.

వ్యక్తిత్వ వికాస పుస్తకాల్లో న్యూటన్‌కు పెద్ద గిరాకీ. మొదటి నియమం చెప్పి బద్ధకం వదిలించుకోమంటారు, మూడో నియమం చెప్పి మంచి చేస్తే మంచే తిరిగొస్తుందంటారు. ఆ నియమాలు వ్యాగన్ల గురించి, గ్రహాల గురించి రాసినవి, మన గుణగణాల గురించి కాదు. ఈ పుస్తకంలో వాటిని వాటి పని మీదే ఉంచుదాం. ఒక కష్టమైన విషయాన్ని నిజంగా అర్థం చేసుకోవడంలో వచ్చే ధైర్యం ఏ నీతివాక్యంలోనూ దొరకదు.

ఇక భిలాయే ఎందుకంటే, ఈ పాఠం కంటికి కనిపించే ఊళ్లు తక్కువ. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందంతో ఈ ఉక్కు కర్మాగారం మొదలైంది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పనికోసం వెళ్లిన తెలుగు కుటుంబాలు సెక్టర్ల క్వార్టర్లలో స్థిరపడి రెండు మూడు తరాలు గడిచాయి. ఆ ఇళ్లలో పిల్లలు ఐఐటీ కోచింగ్ కోసం సూత్రాల పట్టీలు గోడకంటించుకుంటారు. గోడకవతల, నాన్న డ్యూటీ చేసే చోట, దశాబ్దాలుగా దేశానికి రైలు పట్టాలు తయారవుతుంటాయి. ఇప్పుడు అక్కడ 130 మీటర్ల పొడవున్న పట్టాను ఒకే ముక్కగా సాగదీస్తున్నారు. మీటరుకు 60 కిలోల చొప్పున ఒక్క పట్టా బరువు 7.8 టన్నులు. అలాంటివి రెండు అతికించి 260 మీటర్ల ప్యానెల్ పంపుతారు. అంత పొడవు ఎందుకంటే అతుకు ఉన్న ప్రతిచోటా చక్రం కొట్టుకుంటుంది, కొట్టుకున్న ప్రతిసారీ బండి కొంత శక్తి పోగొట్టుకుంటుంది, పట్టా అరుగుతుంది. ఒక విధంగా చూస్తే ఈ కర్మాగారం చేసేది కదలికకు అడ్డు తగ్గించే సరుకు. న్యూటన్ మొదటి నియమానికి భూమ్మీద చౌకగా దొరికే దగ్గరి రూపం రైలు పట్టా.

ఇప్పుడు పరీక్ష. ఒక రూపాయి బిళ్లను నిటారుగా పైకి ఎగరేయండి. అది చేతిని వదిలి ఇంకా పైకి పోతూ, సగం దూరంలో ఉంది. గాలిని వదిలేద్దాం. ఆ క్షణాన దాని మీద పనిచేస్తున్న బలాలేవి?

"పైకి చేతి బలం, కిందికి భూమి ఆకర్షణ, పైబలం ఎక్కువ కాబట్టి పైకి పోతోంది." ఇంజనీరింగ్ చదివినవారిలోనూ చాలామంది ఈ జవాబే చెబుతారు. తప్పు. బిళ్ల చేతిని వదిలిన మరుక్షణం చేతికీ దానికీ సంబంధం తెగిపోయింది. దాని మీద ఉన్నది కిందికి లాగే భూమి ఒక్కటే. పైకి పోవడం వేగం, బలం కాదు. ఆ వేగాన్ని భూమి సెకనుకు 9.8 మీటర్ల చొప్పున కోసేస్తోంది, అంతే. 1992లో అమెరికాలో డేవిడ్ హెస్టెనెస్, మరో ఇద్దరు కలిసి లెక్కలేమీ అక్కర్లేని ఒక ప్రశ్నపత్రం ప్రచురించారు. అన్నీ ఇలాంటివే, మామూలు మాటల్లో అడిగే ప్రశ్నలు. సూత్రాలతో పెద్ద లెక్కలు చేసి మంచి మార్కులు తెచ్చుకున్న కాలేజీ పిల్లలు వీటి దగ్గర తడబడ్డారు. లెక్క చేయడం వేరు, నమ్మకం మారడం వేరు అని ఫిజిక్స్ మాస్టార్లకు తెలిసొచ్చింది ఇలాంటి పరీక్షలతోనే.

నమ్మకం మారడానికి నేను చెప్పే కసరత్తు ఇది. ఏ లెక్క వచ్చినా సూత్రం రాయకండి. ముందు ఒక వస్తువును ఎంచుకోండి, దాన్ని ఒంటరిగా గీయండి. చుట్టూ ఏమీ గీయొద్దు. దాన్ని ముట్టుకుంటున్నవి ఏమిటో వరసగా రాయండి. ముట్టుకున్న ప్రతిదానికీ ఒక బాణం, ముట్టుకోకుండా లాగే భూమికి ఒక బాణం. ప్రతి బాణం పక్కనా బలం ఇచ్చినవారి పేరు రాయాలి: తాడు, పట్టా, గాలి, చెయ్యి. పేరు రాయలేని బాణం ఉంటే చెరిపేయండి. రూపాయి బిళ్లకు గీసిన పైబాణం పక్కన ఎవరి పేరు రాస్తారు? చెయ్యి అందామంటే అది కిందెక్కడో ఉంది. ఈ ఒక్క నిబంధన పాటిస్తే పదో తరగతి నుంచి ఎంట్రన్స్ దాకా బలాల పాఠంలో వచ్చే తప్పుల్లో పెద్ద భాగం రాలిపోతుంది. రోజుకు మూడు బొమ్మలు చాలు, లెక్క పూర్తి చేయకపోయినా పరవాలేదు.

ఇదే నిబంధనతో మూడో నియమపు చిక్కు కూడా విడిపోతుంది. "చర్యకు సమానమైన ప్రతిచర్య ఉంటే రెండూ కొట్టేసుకోవాలిగా, మరి ఇంజన్ ఎలా కదులుతుంది?" అని తెలివైన పిల్లలే అడుగుతారు. చక్రం పట్టాను వెనక్కి నెడుతుంది. ఆ బాణం పట్టా బొమ్మలో ఉంటుంది. పట్టా చక్రాన్ని ముందుకు నెడుతుంది. ఆ బాణం ఇంజన్ బొమ్మలో ఉంటుంది. ఒక బొమ్మలోని బాణం ఇంకో బొమ్మలోని బాణాన్ని కొట్టేయలేదు. ఇంజన్‌ను కదిలించేది మోటారే అనుకుంటాం గానీ, బయటినుంచి దాన్ని ముందుకు నెట్టేది పట్టా. పట్టా మీద నూనె పోస్తే ఎంత మోటారున్నా చక్రం ఉన్నచోటే తిరుగుతుంది. అందుకే ఇంజన్లలో ఇసక పెట్టెలుంటాయి, చక్రం జారేచోట పట్టా మీద ఇసక రాలుస్తారు. రాపిడిని శత్రువుగా పుస్తకాలు చిత్రిస్తాయి. దొర్లడానికి అడ్డొచ్చే రాపిడి వేరు, జారకుండా పట్టుకునే రాపిడి వేరు. రెండోది లేకపోతే రైలు లేదు, మన నడకా లేదు.

అంకెల్లో చూద్దాం. డబ్ల్యూఏజీ-9 రకం ఎలక్ట్రిక్ ఇంజన్ బరువు 123 టన్నులు. బరువులో మూడో వంతుకు మించి లాగబోతే చక్రం జారుతుందనుకుంటే, అది లాగగలిగేది 41 టన్నుల బరువంత. మన గూడ్సుకు చదునులో కావలసింది తొమ్మిదిన్నర టన్నులకు లోపే. కానీ 200 మీటర్లు పోతే ఒక మీటరు ఎక్కే వాలు వచ్చిందనుకోండి. కంటికి ఆ ఎత్తు తెలియను కూడా తెలియదు. బండికి తెలుస్తుంది. 4,640 టన్నుల్లో రెండువందలో వంతు, అంటే 23 టన్నులకు పైగా అదనపు లాగుడు కావాలి. కలిపితే 32 టన్నులు దాటింది. రైల్వేవాళ్లు గుట్టల్ని తొలిచి, పల్లాలు పూడ్చి, లైను చదును చేయడానికి అంత ఖర్చు ఎందుకు పెడతారో ఈ ఒక్క లెక్కలో ఉంది.

రెండో నియమం గురించి ఎక్కువ చెప్పను, అన్ని పుస్తకాల్లోనూ బాగానే ఉంటుంది. ఒక్క ఉదాహరణ. 22 టన్నుల ఖాళీ వ్యాగన్‌ను నలుగురు మనుషులు తోస్తే చదును పట్టా మీద కదులుతుంది. అడ్డు పోను మిగిలిన బలం 440 న్యూటన్లు అయితే, దాన్ని 22,000 కిలోలతో భాగిస్తే త్వరణం 0.02, అంటే ఒక్కో సెకనులో పెరిగే వేగం సెకనుకు రెండు సెంటీమీటర్లు. అర నిమిషం తోస్తే వేగం సెకనుకు 60 సెంటీమీటర్లు, మనిషి నింపాదిగా నడిచే దానికంటే తక్కువ. చిన్న బలం పెద్ద బరువును కదిలించలేదన్నది అపోహ. కదిలిస్తుంది, తొందర మాత్రం పడదు. దయచేసి యార్డుకు పోయి దీన్ని పరీక్షించకండి. నలుగురు కదిలించిన వ్యాగన్‌ను ఆపడం ఆ నలుగురి తరం కాకపోవచ్చు.

పరీక్షించదలచుకుంటే సైకిల్ ఉంది. భిలాయి సెక్టర్ల రోడ్లు తిన్నగా, చదునుగా, చెట్ల నీడలో ఉంటాయి. తెల్లవారుజామున బండ్లు లేనప్పుడు ఒకచోట సుద్దముక్కతో గీత గీయండి. ఒకే వేగంతో గీత దాకా వచ్చి తొక్కడం ఆపండి. ఎంత దూరం పోయిందో అడుగులతో కొలవండి. టైర్లలో గాలి నిండా కొట్టి మళ్లీ చేయండి. ముందుకు వంగి కూర్చుని ఒకసారి, నిటారుగా కూర్చుని ఒకసారి. చివరగా తమ్ముణ్ణి వెనక క్యారియర్ మీద కూర్చోబెట్టుకుని అదే వేగంతో వచ్చి ఆపండి. బరువు పెరిగింది కాబట్టి త్వరగా ఆగుతుందని అందరూ పందెం కాస్తారు. టైర్లు గట్టిగా ఉంటే ఇంకాస్త ఎక్కువ దూరమే పోతుంది. దొర్లుడు అడ్డు బరువుతో పాటు పెరిగింది, గాలి అడ్డు మాత్రం పెద్దగా పెరగలేదు. ఆ కారణం మీ అంతట మీరు బాణాలు గీసి రాబట్టాక మాత్రమే ఈ వాక్యం మళ్లీ చదవండి.

ప్లాంటులో ఈ విద్యను చేతుల్లో పెట్టుకున్నవాళ్లు క్రేన్ ఆపరేటర్లు. కరిగిన ఉక్కు నిండిన లాడిల్ నూరు టన్నులకు పైగా బరువుతో కొక్కేనికి వేలాడుతుంటుంది. క్రేను కదిలితే అది వెనకబడుతుంది, క్రేను ఆగితే అది ముందుకు ఊగుతుంది. ఒక ఇంట్లో ఇలాంటి మాటలు నడిచాయనుకోండి.

"నాన్నా, ఊగుతుంటే ఎలా ఆపుతారు?"

"ఆపకూడదమ్మా. దాని ఎనకాలే ఎల్లాలి. అది ఆ చివరికి పోయి నిలబడే టైముకి మన బండి సరీగ్గా దాని నెత్తిమీదికి పోవాలి. అప్పుడు ఇంక ఊగడానికేటుంటది?"

ఆయన చెప్పింది లోలకం పాఠమే. ఊగుడుకు పట్టే కాలం తాడు పొడవు మీదే ఆధారపడుతుంది. పది మీటర్ల తాడుకు ఒక పూర్తి ఊగుకు దాదాపు 6.3 సెకన్లు, లాడిల్ ఖాళీగా ఉన్నా నిండుగా ఉన్నా. పైన వ్యాగన్ల దగ్గర బరువు ఎలా తప్పుకుందో ఇక్కడా అలాగే తప్పుకుంది. ఇంట్లో మీటరు దారానికి తాళంకప్ప కట్టి ఊపి చూడండి, రెండు సెకన్లు వస్తుంది. పావు మీటరుకు తగ్గిస్తే ఒక సెకను. పొడవు నాలుగో వంతైతే కాలం సగమే తగ్గింది. ఎందుకో వెతకడానికి పది నిమిషాలు కేటాయించండి, వర్గమూలం గుర్తు అప్పటినుంచి భయపెట్టదు.

వర్గం సంగతి వచ్చింది కాబట్టి భిలాయిలోంచి పోయే జీఈ రోడ్డు మీద మోటారు సైకిల్ నడిపే అన్నలకు ఒక లెక్క. మంచి బ్రేకు సెకనుకు అయిదు మీటర్ల చొప్పున వేగం తగ్గిస్తుందనుకుందాం. 40లో ఉంటే 12 మీటర్లలో ఆగుతారు. 80లో ఉంటే 24 కాదు, 49 మీటర్లు కావాలి. ప్రమాదం చూసి బ్రేకు తొక్కేలోగా ఒక సెకను పోతే 40కి 11 మీటర్లు, 80కి 22 మీటర్లు అదనం. మొత్తం 23 మీటర్లు, 71 మీటర్లు. వేగం రెట్టింపైతే దానిలోని శక్తి నాలుగింతలు. బ్రేకు పెట్టగలిగే బలం అంతే ఉంది గనక, ఆ శక్తిని ఖర్చుపెట్టడానికి నాలుగింతల దూరం కావాలి.

ఆ ఖర్చైన శక్తి ఎక్కడికి పోయింది? బ్రేకు డ్రమ్ము ముట్టుకుంటే తెలుస్తుంది, వేడి రూపంలో ఉంది. శక్తి గురించి నేర్చుకునేవారు పట్టుకోవలసిన ప్రశ్న ఇదే. బలం విషయంలో "ఎవరు?" అని అడిగినట్టు, శక్తి విషయంలో "ఎక్కడికి?" అని అడగాలి. మాయమైందన్న జవాబు ఒప్పుకోకూడదు.

మనకు కదలిక గొప్పగా కనిపిస్తుంది, వేడి కనిపించదు. భిలాయి లెక్క దాన్ని తిరగేస్తుంది. ఒక కిలో ఇనుము గంటకు 100 కిలోమీటర్ల వేగంతో దూసుకుపోతుంటే దానిలో కదలిక వల్ల ఉన్న శక్తి 386 జౌళ్లు. అదే కిలో ఇనుమును 1,600 డిగ్రీల దాకా వేడిచేసి కరిగిస్తే దానిలోకి పోయినది దాదాపు 14 లక్షల జౌళ్లు. మూడున్నర వేల రెట్లకు పైగా. ఆ శక్తినంతా ఎత్తడానికే వాడగలిగితే ఆ కిలో ఇనుమును దాదాపు 140 కిలోమీటర్ల ఎత్తుకు చేర్చవచ్చు. అంతరిక్షం 100 కిలోమీటర్ల దగ్గర మొదలవుతుందని లెక్క. ప్లాంటులో మెల్లగా సాగే లాడిల్‌లో ఎంత శక్తి నిండి ఉందో, వేగంగా పోయే రైలులో ఎంత తక్కువుందో ఈ అంకెలు చెబుతాయి. ఉక్కు తయారీలో కరెంటు కంటే, డీజిల్ కంటే, బొగ్గు ఎందుకు పెద్ద పద్దు అవుతుందో అన్నదానికి కొంత కారణం కూడా ఇక్కడే ఉంది.

ఇలా రోజువారీ వస్తువుల్లోంచి ప్రశ్న లాగి లెక్కకట్టే పద్ధతి నేర్చుకోవాలంటే రష్యన్ రచయిత యాకొవ్ పెరెల్మాన్‌ను చదవండి. ఈ తరహాలో ఆయన రాసిన ఫిజిక్స్ పుస్తకం మొదట 1913లో వచ్చింది. భిలాయికి యంత్రాలు పంపిన దేశమే మన తెలుగిళ్లకు చౌకగా సైన్సు పుస్తకాలూ పంపింది. పాత పుస్తకాల దుకాణాల్లో అవి దొరికితే వదలొద్దు.

చివరి కసరత్తుకు ప్రయాణం కావాలి. 2024 సెప్టెంబరు నుంచి దుర్గ్, విశాఖపట్నం మధ్య వందే భారత్ నడుస్తోంది. సుమారు 565 కిలోమీటర్లు, ఎనిమిది గంటలు. సగటు గంటకు 70. సెలవులకు అమ్మమ్మగారింటికి పోయేటప్పుడు కిటికీ పక్క సీటు తీసుకోండి. ఫోన్‌లో జీపీఎస్ వేగం చూపే యాప్ పెట్టుకుని ప్రతి నిమిషానికీ వేగం రాసుకోండి. ఒక గంట చాలు. గళ్ల కాగితం మీద అడ్డంగా కాలం, నిలువుగా వేగం వేసి చుక్కలు కలపండి. సగటు 70 అన్న అంకె ఎంత దాచేస్తుందో ముందు కనిపిస్తుంది: బండి 70లో ఉన్న నిమిషాలు చాలా కొద్ది. గీత పైకి లేచినచోట మోటార్ల పట్టో, దిగుడు వాలో అడ్డులన్నిటినీ మించింది. కిందికి దిగినచోట బ్రేకో, ఎక్కుడు వాలో, మోటార్లు ఆపాక మిగిలిన మామూలు అడ్డో ఉంది. గీత చదునుగా పోయినచోట, వేగం ఎంత పెద్దదైనా, లైను తిన్నగా ఉంటే మొత్తం బలం సున్నా. అక్కడ కప్పులో టీ ఒక పక్కకు వాలదు, కావాలంటే చూడండి. లైను వంపు తిరిగేటప్పుడు వేగం మారకపోయినా టీ ఒక పక్కకు వాలవచ్చు. దిక్కు మారింది కదా. గీతలో కనిపించే ప్రతి మలుపు పక్కనా, కప్పులో కనిపించిన ప్రతి వాలు పక్కనా, బలం ఇచ్చినవారి పేరు రాయండి. పేరు దొరకనివి విడిగా ఒక కాగితం మీద దించుకుని, విజయనగరం వచ్చేలోగా వాటికి బొమ్మలు గీయండి.